ముట్టరాని ఏడు

మా కొండ మీద రెండు వందల పన్నెండు మాకాళి తీగలు ఉన్నాయి. నేను చివరిసారి లెక్కపెట్టినప్పుడు ఉన్నవి అవి. అంతకు ముందు లెక్కలో రెండు వందల పంతొమ్మిది. తగ్గిన ఏడింటిలో నాలుగు అడవిపందులు పెళ్లగించినవి. రెండు బండ దొర్లి నలిగిపోయినవి. ఒకటి ఎందుకు ఎండిపోయిందో తెలియదు. తెలియదనే పుస్తకంలో రాసుకున్నాను.

మేము యానాదులం. కార్వేటినగరం కొండల అంచున మా కాలనీ, ఇరవై ఆరు ఇళ్లు. మా నాయన, ఆయన నాయన ఈ కొండ మీద మాకాళి గడ్డలు తవ్వి బతికారు. మాకాళి బండసందుల్లో పాకే తీగ. దాని కింద వేలి లావు నుంచి మణికట్టు లావు దాకా వేర్లు గుత్తిగా నలుదిక్కులా పోతాయి. విరిస్తే తియ్యటి వాసన వస్తుంది, నమిలితే నాలుక కాసేపు మొద్దుబారుతుంది. తిరుత్తణి వైపు వాళ్లు ఊరగాయ పెట్టుకోవడానికి తీసుకుంటారు. తిరుపతిలో ఎండాకాలం నన్నారి షర్బత్ కాచేవాళ్లు కూడా మా దగ్గర బస్తాలకు బస్తాలు కొనేవాళ్లు.

తవ్వడానికి మాకొక పద్ధతి ఉంది. మొదటి ఏడాది తీగకు తూర్పు పక్కనున్న వేర్లు మాత్రమే తీయాలి. రెండో ఏడు పడమటి పక్కవి. మూడో ఏడు ముట్టరాదు. మాకు ఏడంటే దీపావళి నుంచి దీపావళి దాకా, తవ్వేది ఎండలు ముదిరేలోపే. ముట్టకపోవడమంటే గడ్డపార దించకపోవడం ఒక్కటే కాదు, ఆ ఏడంతా ఆ కొండ ఎక్కకూడదు. మనిషి తొక్కిడి లేకపోతేనే వేరు ఊరుతుందని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆ ఏడు కుంకుడుకాయలు ఏరుకుంటాం, చీపురుపుల్ల కోసుకుంటాం, కింద తోటల్లో మామిడి కోతకు కూలికి పోతాం. ఇంకొకటి, తవ్విన గుంటను తవ్వినట్టు వదిలి రాకూడదు. మట్టి పూడ్చి, ఎండుటాకు కప్పి, తీసిన రాయిని తీసిన చోటే పెట్టాలి. తెరిచి వదిలిన గుంట వాసనకు పందులు వస్తాయి, మిగిలిన సగం అవి తినేస్తాయి. మా నాయన పూడ్చిన చోటును మరుసటి రోజు నేను వెతికినా కనిపెట్టలేకపోయేదాన్ని. అప్పుడు నాకు పదేళ్లు.

నాయనకు పుస్తకం అక్కర్లేదు. ఏది ఏ ఏడో ఆయనకు తెలుసు. ఆయన పోయాక మా తమ్ముడికీ చిన్నాయన కొడుక్కీ తగవు వచ్చింది. ఇది తూర్పు ఏడని ఒకడు, కాదు పడమటి ఏడని ఇంకొకడు. తగవు తెగలేదు. ఇద్దరూ తవ్వారు, ఎవరి పక్క వాళ్లు. ఆ ఏడు పద్నాలుగు తీగలు చచ్చిపోయాయి. అప్పటి నుంచి నేను పుస్తకం పెట్టాను. హాస్టల్లో ఉండి ఎనిమిది చదివి, ముప్పై ఒక్క ఏళ్లు అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచి రాసిన దాన్ని. రాయడం నాకు కష్టం కాదు. ఏ నెల ఏ తేదీన కొండ ఎక్కారు, ఎన్ని తీగల దగ్గర తవ్వారు, ఏ పక్క, ఎన్ని తట్టలు, ఎప్పుడు దిగారు. తమ్ముడు సాయంత్రం వచ్చి గడప దగ్గర కూర్చుని చెప్పేవాడు, నేను రాసేదాన్ని. అనుమానం వస్తే మరుసటి ఉదయం నేనే ఎక్కి చూసి వచ్చేదాన్ని.

ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. తమ్ముడికి అరవై మూడు. కాలనీలో ఇంకా గడ్డలు తవ్వేవాళ్లు నలుగురే, నలుగురిలో పెద్దవాడు తమ్ముడు. కుర్రవాళ్లంతా రేణిగుంటలో గోడౌన్లకూ కంపెనీలకూ పోతారు. ఉదయం ఐదున్నరకు రోడ్డు మీదికి వ్యాను వస్తుంది. తమ్ముడు ఎప్పుడూ ఆ వ్యాను ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అడగనూ లేదు. వాడికి తెలిసిన పని ఇదొక్కటే.

ఎర్రచందనం దొంగల మూలంగా ఫారెస్టు వాళ్లు కొండ చుట్టూ కంచె వేశారు, దోవకు గేటు పెట్టారు. దొంగలు ఏ దోవన పోతారో నాకు తెలియదు, గేటు దోవన మాత్రం పోరు. గేటు దగ్గర దొరికేది మా వాళ్లే. తమ్ముడిని రెండుసార్లు ఆపారు. రెండోసారి పొద్దున పట్టుకుని దీపాలు పెట్టే వేళ దాకా కూర్చోబెట్టి, గోనెసంచిలోని గడ్డలు పారబోయించి పంపారు. కొట్టలేదు, తిట్టలేదు. ఈ కొండ మీద గడ్డలు తీసుకునే హక్కు మీకుందని కాగితం తెచ్చుకో, ఎవరూ ఆపరు అన్నారట. వాడు ఆ మాటే నాకు వచ్చి చెప్పాడు.

ఆ కాగితం కోసం దరఖాస్తు పెట్టాం. అటవీ హక్కుల చట్టం కింద తరాలుగా అడవి మీద బతికే వాళ్లకు అలాంటి హక్కు ఇస్తారు. కాలనీ వాళ్లంతా కూర్చుని తీర్మానం చేశారు. రాసింది నేను. పదకొండు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు. ఏడెనిమిది నెలలకు కబురు వచ్చింది, పద్దెనిమిది రోజుల్లో ఆఫీసు సార్లు వచ్చి కొండ చూస్తారని.

కబురు వచ్చిన మరుసటి రోజే తమ్ముడూ మరదలూ మా ఇంటికి వచ్చారు. తమ్ముడు కూర్చోలేదు.

"అక్కా, వాళ్లు వచ్చి సూసేది ఒకటే. మనం ఈడ తవ్వుకుంటా ఉండామా లేదా అని. ఒక పది గుంటలు తవ్వి పూడ్సకుండా వదిలేస్తాం."

"ఇది ఏ ఏడు?" అన్నాను.

"తెలుసులే."

"తెలిస్తే చెప్పు."

"మూడో ఏడు."

"మరి?"

మరదలు నవ్వింది. "మీ అక్కతో యాడ పెట్టుకుంటావు? యముడొచ్చి నిలబడినా, ఈ పొద్దు కాదు, నీ పేరు రేపటి పేజీలో ఉండాది, రేపు రా అంటాది."

"నువ్వు ఊరుకో మే," అన్నాను.

"సరే వదినా, తవ్వొద్దు. దోవన్నా కొట్టిద్దాం. కంపంతా అల్లుకోని ఉండాది. సార్లు ఎక్కాల గదా?"

"దోవ కొట్టేదానికి ఎక్కితే అది తొక్కిడి కాదా?"

"సార్లు ఎక్కితే కాదా మల్ల?"

వాళ్లు ఎక్కేది ఒక్క పూట, మనం తప్పు చేయకుండా ఉంటే చాలు అన్నాను. ఆ సమాధానం సరిగా లేదని అప్పుడే తెలుసు.

తమ్ముడు నాకు ఎదురు చెప్పి ఎరగడు. అమ్మ పోయినప్పుడు వాడికి రెండేళ్లు, చంకనేసుకుని పెంచింది నేను. "సరేలే అక్కా. నువ్వు చెప్పినట్టే," అన్నాడు. వాడు అలా అన్నందుకు నాకు సంతోషం వేసింది. ఇది దాచకుండా రాయాలి. ఇంకొక మాట కూడా రాయాలి. సార్లు సరిగ్గా మూడో ఏడు రావడం మంచిదే అయిందని నేను అనుకున్నాను. మేము కొండను ఎలా చూసుకుంటామో వాళ్ల కళ్లకే కనబడుతుందని అనుకున్నాను.

ఫిబ్రవరి రెండో మంగళవారం ఇద్దరు వచ్చారు. ఒకాయన చేతిలో ఫైలు, ఇంకొకాయన దగ్గర టేపు. ఫైలు ఆయన నడివయసు మనిషి, మర్యాదస్తుడు. మా అరుగు మీద కూర్చుని చెంబుతో నీళ్లు తాగాడు, నన్ను అవ్వా అని పిలిచాడు. నువ్వు కొండెక్కగలవా అవ్వా అని అడిగాడు. గేటు నుంచి ఎద్దుమూపు బండ దాకా వెయ్యిన్నూట నలభై అడుగులు, నాకు అలవాటే అన్నాను.

దోవ పొడుగునా కంప. తమ్ముడు ముందు నడుస్తూ మచ్చుకత్తితో కొట్టుకుంటూ పోయాడు. టేపు ఆయన చొక్కా రెండుచోట్ల చిరిగింది. సగం దూరంలో ఫైలు ఆయన ఆగి ఆయాసం తీర్చుకుంటూ అడిగాడు.

"ఈ దోవన మనుషులు నడిచి ఎన్నాళ్లయింది?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను చెప్పాను, పోయిన ఏడు మార్చి పన్నెండున దిగాం, ఆ తర్వాత ఎవరూ ఎక్కలేదు అని. ఆయన ఫైలు విప్పి రాసుకున్నాడు. అడిగిన దానికి తేదీతో సహా జవాబు చెప్పగలిగానని నాకు తృప్తిగా ఉండింది.

పైకి వెళ్లాక ఆయన అన్నాడు, "యాడ తవ్వినారో చూపించప్పా."

తమ్ముడు ఒక తీగ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "ఈడ సార్."

"గుంట యాది?"

"పూడ్సినాం సార్."

"సరే, ఇంకోటి చూపించు."

ఇంకొకటి చూపించాడు. అక్కడా ఎండుటాకు, రాయి, రాయి చుట్టూ గడ్డి. మూడోది, నాలుగోది. తొమ్మిది చోట్లకు తీసుకుపోయాడు. తొమ్మిది చోట్లా ఎవరూ ఎప్పుడూ అడుగు పెట్టనట్టే ఉంది. టేపు ఆయన టేపు విప్పనే లేదు. కొలవడానికి అక్కడేమీ లేదు.

"తవ్విన గుంటను ఎవరన్నా ఇట్ల పూడుస్తారా?" ఫైలు ఆయన అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"మేము పూడుస్తాం సార్."

"పోనీ, ఇప్పుడు తవ్వి చూపించు. కోసిన వేరు మొన కనిపిస్తే చాలు."

తమ్ముడు గడ్డపార తెచ్చుకోలేదు. మూడో ఏడు గడ్డపార పట్టుకుని కొండ ఎక్కే అలవాటు మాలో ఎవరికీ లేదు. తెమ్మని చెప్పాలని నాకు తోచలేదు, తేవాలని వాడికి తోచలేదు.

"గడ్డలు తవ్వేవాళ్లు గడ్డపార లేకుండా వస్తారా?" అని టేపు ఆయన అన్నాడు.

తమ్ముడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాయి పక్కకు తీసి, మచ్చుకత్తి మొనతో పెళ్లగిస్తూ, చేత్తో మట్టి తోడసాగాడు. రెండు వానలు పడి గట్టిపడిన మట్టి. జానెడు లోతు పోయింది. వాసన వచ్చింది. వేరు తల కనిపించింది, లేత గోధుమరంగు. అది పడమటి పక్క, పోయిన ఏడు కోసిన పక్క. ఇంకొక నాలుగు వేళ్ల లోతు పోయి ఉంటే నున్నగా కోసిన మొన బయటపడేది. మచ్చుకత్తి వేరుకు తగిలి తెల్లగా పాలు కారాయి.

"ముట్టొద్దురా," అన్నాను.

నేను ఆలోచించి అన్న మాట కాదు అది. వాడు పిల్లవాడుగా ఉన్నప్పుడు పొయ్యి దగ్గరికి పోతే ఎలా అనేదాన్నో అలా వచ్చింది. వాడు కూడా ఆలోచించలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసిన మట్టిని అరచేత్తో తిరిగి లోపలికి నెట్టి, రాయి పెట్టి, లేచి నిలబడ్డాడు. ఇదంతా మాటలో జరిగిపోయింది. సార్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడు నేను పుస్తకం ఇచ్చాను. ఫైలు ఆయన బండ మీద కూర్చుని పావుగంట చదివాడు. వేలు తడి చేసుకోకుండా పేజీలు మెల్లగా తిప్పాడు. "మా ఆఫీసులో కూడా ఇంత వరసగా రాసేవాళ్లు లేరవ్వా," అన్నాడు. కొన్ని పేజీలు ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. చివరి పేజీ కూడా తీశాడు. అందులో ఆ ఏటికి నేను రాసింది మూడు ముక్కలు. మూడో ఏడు. ముట్టరాదు. ఎవరూ ఎక్కలేదు.

దిగేటప్పుడు తమ్ముడు కంప తగలకుండా సార్ల కోసం కొమ్మలు పట్టుకుని నిలబడ్డాడు, నా కోసం కూడా పట్టుకున్నాడు.

డెబ్బై ఆరు రోజులకు కాగితం వచ్చింది. తమ్ముడికి చదవడం రాదు, మరదలికీ రాదు. ఇద్దరూ ఎదురుగా కూర్చున్నారు, నేను చదివాను. కొండపై సేకరణ జరుగుతున్న ఆనవాళ్లు పరిశీలనలో కనిపించలేదు. దారి వాడుకలో లేదు. దరఖాస్తుదారుల సొంత పుస్తకం ప్రకారమే ప్రస్తుత సంవత్సరం ఎవరూ కొండపైకి వెళ్లలేదు. కనుక హక్కు గుర్తించడం సాధ్యపడదు.

"ఇంగోసారి సదువు," అన్నాడు తమ్ముడు. ఇంకోసారి చదివాను.

నేను ఆ కాగితంలో తప్పు కోసం వెతికాను. తేదీలు చూశాను. మార్చి పన్నెండు అని సరిగ్గానే రాశారు. ఊరి పేరు సరిగ్గా ఉంది, సర్వే నంబరు సరిగ్గా ఉంది. ఎక్కడైనా ఒక అంకె తారుమారై ఉంటే దాన్ని పట్టుకుని మొదటి బస్సుకే వెళ్లేదాన్ని. ప్రతి మాటా నిజమే. వాళ్లు రాసింది నేను చెప్పిందే.

మరదలు అంది, "చెట్లు నరికేసుకోని పోయినోళ్లకైతే మొద్దులన్నా ఉండును, సూపించేదానికి."

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు మాత్రం, "నువ్వు బాధపడొద్దక్కా," అన్నాడు. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

మే నెల మొదటి సోమవారం వాడు ఐదున్నర వ్యాను ఎక్కాడు. రేణిగుంటలో ఏదో గోడౌన్‌కు కాపలా. ఖాకీ బట్టలు ఇచ్చారు. ప్యాంటు నడుము దగ్గర మడిచి తాడు కట్టుకున్నాడు, టోపీ చెవుల మీదికి దిగింది. వ్యానులో కుర్రవాళ్లు, "రా మామా, కిటికీ కాడ కూర్చో, కొండ సూసుకుంటా పోదువు," అని చోటిచ్చారు. వాళ్లు ప్రేమగానే అన్నారు. బుధవారం సెలవు.

కాగితం కింద ఒక వాక్యం ఉంది, అరవై రోజుల్లోగా పై కమిటీకి చెప్పుకోవచ్చని. నేను బస్సులో వెళ్లి ఆఫీసులో అడిగాను. అక్కడున్న అమ్మాయి ఓపికగా చెప్పింది. కొత్తగా ఏదైనా ఆధారం చూపించాలి. తవ్విన గుంటలు, కోసిన వేర్లు, మనుషులు పని చేస్తున్న ఫోటోలు. పాత విషయమే మళ్లీ రాసి ఇస్తే లాభం లేదు. నా పుస్తకం చూపించబోయాను. అది ఫైల్లో ఉంది పెద్దమ్మా, దాన్ని చూసే కదా వాళ్లు రాసింది అన్నది.

కాగితం వచ్చిన ఇరవై మూడో రోజు మంగళవారం. తమ్ముడు డ్యూటీ దిగి వచ్చాక వాళ్లింటికి వెళ్లి చెప్పాను, "రేపు పోయి పది గుంటలు తవ్వుదాం. పూడ్చొద్దు."

వాడు అన్నం కలుపుతున్నవాడు ఆపి నా ముఖం చూశాడు.

"మూడో ఏడు గదక్కా."

"తెలుసు."

వాడు మళ్లీ అన్నం కలపసాగాడు. మరదలు తట్ట తీసి గడప దగ్గర పెట్టింది. ఆమె ఏదైనా అంటుందని నేను సిద్ధపడి వెళ్లాను.

బుధవారం ఉదయం ముగ్గురం బయలుదేరాం. తమ్ముడి భుజాన గడ్డపార, మరదలి చేతిలో తట్ట, ఫోటోలు తీయడానికి వాళ్ల కోడలి ఫోను నా దగ్గర. తమ్ముడు వేసుకున్నది ఖాకీ ప్యాంటే. గుడ్డ గట్టిది, కంపకు బాగుంటుందన్నాడు.

గేటు దగ్గర కాపలా మనిషి మా ప్రాంతం వాడే, యాభై దాటినవాడు. తమ్ముడిని ఎరుగును. గడ్డపార చూసి లేచి వచ్చాడు.

"అన్నా, కాగితం వచ్చిందా?"

"ల్యా. దాని కోసరమే పోతాండాం."

"కాగితం ల్యాకుండా ఎట్ల పంపేదన్నా?"

"గుంటలు తవ్వి ఫోటో తీయాలంట. ఆ ఫోటో పెడితే కాగితం ఇస్తారంట."

కాపలా మనిషి విషయం అర్థం చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. "అంటే, నేను గేటు తీస్తే మీరు తవ్వుతారు. మీరు తవ్వినట్టు ఫోటో పోతాది. గేటు ఎవురు తీసినారని నన్ను అడుగుతారు."

నేను చట్టం సంగతి చెప్పాను. గడువు సంగతి చెప్పాను, ఇంకా ముప్పై ఆరు రోజులే ఉందని. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు.

"నువ్వు సెప్పేది నిజమే అయ్యుంటాది పెద్దమ్మా. నాకు సెప్పినోళ్లు వేరే. తీయొద్దన్నారు."

నేను ఇంకా మాట్లాడబోయాను. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"వదిలెయ్ అక్కా. ఆయప్పను అడిగి ఏం లాభం? మా గోడౌన్ కాడికి ఎవురన్నా వచ్చి ఇట్ల అడిగితే నేనూ తీయను."

కాపలా మనిషి అప్పుడు వాడి ప్యాంటు చూశాడు. "నువ్వూ పన్లో చేరినావా? ఎన్ని గంటలు?"

"పన్నెండు."

"నాకూ అంతే. కుర్చీ ఇచ్చినారా?"

"ఇచ్చినారు. ఒక కాలు ఊగుతాది. ఇటికరాయి పెట్టుకున్నా."

"నిద్రొస్తే ఏం చేస్తావు?"

"నిలబడుకుంటా."

ఇద్దరూ కుర్చీల గురించీ, వేళకు మనిషిని మార్చని సూపర్‌వైజర్ల గురించీ మాట్లాడుకున్నారు. మరదలు తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. గేటు నుంచి మొదటి తీగ మూడు వందల నలభై అడుగులు. కంచె సందులోంచి దాని ఆకులు కనిపిస్తున్నాయి. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉండి ఇంటికి వచ్చేశాం.

తర్వాతి బుధవారం నేను ఒక్కదాన్నే వెళ్లి అడిగాను. ఆ పై బుధవారం కూడా వెళ్లాను. తీయనని చెప్పడానికి ఆయనకే కష్టంగా ఉన్నట్టు కనిపించి, ఆ తర్వాత వెళ్లడం మానేశాను. అరవయ్యో రోజు గురువారం వచ్చింది. ఆ రోజు తమ్ముడికి డ్యూటీ. నేను ఇంట్లోనే ఉన్నాను.